మైల్డ్ హైబ్రిడ్ కారులో స్టార్టర్ జనరేటర్ బెల్టును పరీక్షించుకునే పద్ధతి

హైదరాబాద్ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు దానంతటదే ఆగిపోయి, క్లచ్ నొక్కగానే చప్పుడు లేకుండా మళ్లీ మొదలయ్యే ఇంజనును తిప్పుతున్నది మనకు అలవాటైన సెల్ఫ్ మోటారు కాదు. డైనమో ఉండవలసిన చోట అమర్చిన స్టార్టర్ జనరేటర్ అనే యంత్రం ఒకటి, ఇంజను నడుస్తున్నంత సేపు బెల్టు ద్వారా తిరుగుతూ కరెంటు పుట్టిస్తుంది. అవసరం వచ్చినప్పుడు తానే మోటారుగా మారి అదే బెల్టుతో ఇంజనును తిప్పుతుంది. ఇలాంటి ఏర్పాటున్న కార్లనే మైల్డ్ హైబ్రిడ్‌లంటారు. 2015లో వచ్చిన మారుతి సియాజ్ డీజిల్‌లో ఈ ఏర్పాటు 12 వోల్టులతో పని చేసేది. 2019లో వచ్చిన ఎంజీ హెక్టర్ హైబ్రిడ్‌లో 48 వోల్టుల వ్యవస్థ ఉంది. ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం చాలా మోడళ్లలో పాత తరహా సెల్ఫే పని చేస్తుంది కనుక ఆ చప్పుడు వేరుగా వినిపించడం సహజం.

ఈ యంత్రం మొరాయించిందని అనుకున్న ప్రతిసారీ ముందుగా చూడవలసినది బెల్టును, దానిని బిగించి ఉంచే టెన్షనర్‌ను. మామూలు డైనమో బెల్టులో లాగుడు ఎప్పుడూ ఒకే దిశలో ఉంటుంది కనుక వదులుగా ఉండే వైపున ఒక టెన్షనర్ పెడితే సరిపోతుంది. ఇక్కడ అలా కాదు. కరెంటు పుట్టిస్తున్నప్పుడు బిగుతుగా ఉన్న వైపు, ఇంజనును తిప్పవలసి వచ్చిన క్షణంలో వదులవుతుంది. వదులుగా ఉన్నది బిగుసుకుంటుంది. అందుకే చాలా కార్లలో రెండు వైపులా చేతులున్న టెన్షనర్‌ను అమరుస్తారు. దాని స్ప్రింగు బలం తగ్గితే కరెంటు పుట్టించడంలో లోపం కనిపించకపోయినా, తిరిగి స్టార్టయ్యే క్షణంలో బెల్టు జారి కీచుమంటుంది. నా కారు అలా అరిచినప్పుడు ఒక షెడ్డులో యంత్రం మొత్తం మార్చాలన్నారు. చివరికి బెల్టు, టెన్షనర్ మార్చడంతో ఆ శబ్దం పోయింది.

పరీక్షకు ముందు ఇగ్నిషన్ పూర్తిగా ఆపి, తాళం లేదా స్మార్ట్ కీ కారుకు దూరంగా ఉంచండి. సిగ్నల్ దగ్గర ఆగినట్టు ఆగి ఉన్న ఇంజను ఏ క్షణాననైనా మొదలు కావచ్చు కనుక ఆ స్థితిలో బానెట్ కింద చెయ్యి పెట్టకూడదు. ఇంజను చల్లారాక టార్చ్‌లైట్ వేసి బెల్టు లోపలి గాళ్లను చూడండి. ఇప్పటి బెల్టులు ఈపీడీఎమ్ అనే కృత్రిమ రబ్బరుతో తయారవుతాయి; అవి పాత బెల్టుల మాదిరిగా త్వరగా పగుళ్లివ్వవు, టైరు అరిగినట్టు నెమ్మదిగా అరుగుతాయి. పగుళ్లు లేవు కాబట్టి బెల్టు బాగుందని తేల్చడం పొరపాటు. గాడి వెడల్పై, బెల్టు పుల్లీలోకి లోతుగా దిగితే పట్టు తగ్గుతుంది. దీనిని కొలిచే చిన్న ప్లాస్టిక్ గేజి ఉంటుంది. మెకానిక్‌ను దానితో చూడమని అడగండి. నూనె గానీ కూలెంట్ గానీ కారి బెల్టుపై పడుతుంటే, ఆ కారుడును ఆపకుండా కొత్త బెల్టు వేయడం వృథా.

శబ్దం ఎక్కడిదో తేలకపోతే మెకానిక్ సమక్షంలో ఇంజను నడుస్తుండగా, చేతులు, బట్టలు దూరంగా ఉంచి, బెల్టు గాళ్లపై మంచినీళ్లు కొద్దిగా చిమ్మించండి. శబ్దం కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒకే వరుసలో లేవని, ఇంకా పెరిగితే బిగుతు చాలక బెల్టు జారుతోందని అర్థం. చప్పుడు ఆపడానికి సబ్బు రుద్దడం, స్ప్రే కొట్టడం మానండి. అవి అసలు లోపాన్ని దాచేస్తాయి. వాటర్ వాష్ చేయించేటప్పుడు కూడా ప్రెషర్ పంపు నీటిని ఆ యంత్రం మీదికీ, దాని వైర్ల కనెక్టర్ల మీదికీ కొట్టవద్దని చెప్పండి.

బెల్టు మార్చవలసి వస్తే పాత దాని మీది నంబరుతో పాటు కారు ఛాసిస్ నంబరు కూడా విడిభాగాలు అమ్మే రాణిగంజ్ దుకాణంలో చూపించండి, ఎందుకంటే హైబ్రిడ్ కాని అదే మోడల్ బెల్టు పొడవు వేరుగా ఉండవచ్చు. విప్పకముందే బెల్టు ఏ పుల్లీ మీదుగా వెళుతోందో ఫోటో తీసుకోండి. బెల్టు బాగా అరిగేంత కాలం నడిచిన కారులో టెన్షనర్‌ను కూడా అప్పుడే మార్పించడం మేలని నా అభిప్రాయం. 48 వోల్టుల కారులో కరెంటు తీగలను విప్పే పనిని శిక్షణ పొందినవారికే వదిలేయాలి. ఆ వోల్టేజీ ప్రాణాంతకమైన షాక్ కొట్టేది కాకపోయినా, షార్టయితే వచ్చే మంట చిన్నది కాదు.

ఇంజను సిగ్నల్ దగ్గర ఆగడమే మానేస్తే వెంటనే బెల్టును అనుమానించకండి. ఏప్రిల్, మే ఎండల్లో ఏసీ నిండుగా నడుస్తున్నప్పుడు కారు లోపల చల్లబడకపోతే ఇంజను ఆగదు. సీటు బెల్టు పెట్టుకోకపోయినా, బ్యాటరీ చార్జి తక్కువగా ఉన్నా అంతే. బ్యాటరీ మార్చేటప్పుడు తక్కువ ధరకు వచ్చే మామూలుది కాక, మాటిమాటికీ ఆగి మొదలయ్యే ఇంజన్లకు తట్టుకునే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎమ్ బ్యాటరీల్లో కారు తయారీదారు చెప్పిన రకాన్నే వేయించండి. వేరే బండి నుంచి కరెంటు ఇచ్చి స్టార్ట్ చేయవలసి వస్తే, నెగటివ్ తీగను బ్యాటరీ కొనకు కాక ఇంజను లోహభాగానికి గానీ మాన్యువల్ చూపిన చోటుకు గానీ తగిలించాలి. చాలా కార్లలో ఆ కొన దగ్గరే బ్యాటరీ చార్జిని లెక్కించే సెన్సర్ ఉంటుంది.

పని పూర్తయ్యాక షెడ్డులోనే డబ్బు చెల్లించి వచ్చేయకుండా, మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అమీర్‌పేట, ఖైరతాబాద్ మీదుగా ఒక చుట్టు తిరగండి. ఏసీ తగ్గించి, ఐదారు సిగ్నళ్ల దగ్గర ఇంజను ఆగి మొదలయ్యేటప్పుడు కీచుమనడం గానీ కుదుపు గానీ లేకుంటే అప్పుడు బిల్లు కట్టండి.