16 ప్రాసెస్‌లు పెట్టినా కదలని సిమ్యులేషన్: నా అనుభవం

ట్రాఫిక్ సిమ్యులేషన్‌లోని మ్యాప్‌ని ముక్కలు చేసి 16 ప్రాసెస్‌లకు (ఒకేసారి నడిచే ప్రోగ్రామ్‌లకు) పంచితే, ఒక్క ప్రాసెస్‌తో నడిపినప్పటికన్నా నెమ్మదిగా నడిచింది. రెండు వారాలు నెట్‌వర్క్‌నే అనుమానించాను. చివరికి మెసేజ్‌లను రకాలవారీగా లెక్కపెడితే దాదాపు అన్నీ నల్ మెసేజ్‌లే, అంటే "ఫలానా సమయం దాకా నా నుంచి నీకేమీ రాదు, నువ్వు ముందుకెళ్లు" అని పక్క ప్రాసెస్‌కి చెప్పేవి. 1970ల చివర్లో చాండీ, మిశ్రా, బ్రయంట్ చూపిన పద్ధతి ఇది. డెడ్‌లాక్ (ప్రాసెస్‌లన్నీ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఆగిపోవడం) రానివ్వదు, కానీ ముందుగా హామీ ఇచ్చే ఆ వ్యవధి, అదే లుక్‌అహెడ్, చిన్నదైతే ప్రతి చిన్న అడుగుకీ ఓ నల్ మెసేజ్ పంపాల్సొచ్చి ప్రాణం తీస్తుంది.

నా కోడ్‌లో అది 1 మిల్లీసెకను! ఎప్పుడో టెస్టింగ్ కోసం పెట్టింది అలాగే ఉండిపోయింది. నా మోడల్‌లో గరిష్ఠ వేగం గంటకు 60 కిలోమీటర్లు, అంటే 500 మీటర్ల రోడ్డు దాటడానికి ఏ బండికైనా కనీసం 30 సెకన్లు పడుతుంది కాబట్టి అంత లుక్‌అహెడ్ ధైర్యంగా ఇవ్వొచ్చు. 50 మీటర్ల రోడ్డు దగ్గర కోస్తే 3 సెకన్లే దొరుకుతుంది, అందుకే మ్యాప్‌ని పొడవైన రోడ్ల మీదే విడగొట్టాను. ట్రాఫిక్ జామ్ రోడ్డు మీద వెనక్కి పాకి పక్క ముక్కలోకి చేరొచ్చు కాబట్టి ఆ వేగానికీ విడిగా ఇదే లెక్క వేయాలి, అది మర్చిపోతే ఫలితాలే తప్పొస్తాయి.

ఇప్పుడు నల్ మెసేజ్‌ల వరద ఆగింది. ఒకే ప్రాసెస్ ఫలితంతో పోల్చి చూశాను, ఒక్క బండి కూడా తేడా రాలేదు.