ప్రార్థన చేయడం రాదనుకునేవారికి

“నాకు ప్రార్థన చెయ్యడం రాదండీ.” విశాఖలో కొత్తగా క్రైస్తవ సంఘానికి వచ్చేవాళ్లే కాదు, చిన్నప్పటి నుంచి ఆదివారం తప్పకుండా గుడికి వెళ్లేవాళ్లూ ఈ మాటే అంటారు. నిజానికి వాళ్లకు రానిది ప్రార్థన కాదు, పాస్టరుగారి భాష. ‘దయచేయుము, అనుగ్రహించుము’ అని గుక్క తిప్పుకోకుండా చెప్తేనే ప్రార్థన అనుకుంటే ఎవరికైనా నోరు పెగలదు. 1805లో ఈ ఊరికి వచ్చిన లండన్ మిషన్ మిషనరీలు క్రాన్, డెస్‌గ్రాంజెస్ ముందు తెలుగు నేర్చుకుని, సువార్తలను తెలుగు చేసే పనికి పూనుకున్నారు. 1812లో మూడు సువార్తలు అచ్చయ్యాయి. దేవుని మాట మన భాషలో మన దగ్గరకు రావాలని అంత శ్రమపడ్డారు. మన మాట ఆయన దగ్గరకు వెళ్లడానికి మాత్రం అరువు భాష ఎందుకు? ఇంట్లో నాన్నతో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి.

ముందు సమయం. రోజుకు గంట చేస్తానని ఒట్టు పెట్టుకోకండి, నాలుగో రోజుకే ఆగిపోతుంది. పది నిమిషాలతో మొదలుపెట్టండి. గడియారాన్ని నమ్ముకోవడం కన్నా రోజూ చేసే ఏదో ఒక పనికి ముడిపెట్టడం మేలు: స్నానం అయ్యాక, టీ తాగకముందు. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు మారే ఇంట్లో ‘తెల్లవారి ఐదింటికి’ అన్న నియమం నిలవదు, ‘స్నానం అయ్యాక’ అన్నది నిలుస్తుంది. యేసు ‘నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసి’ అన్నాడు. ఒకే గది ఉన్న ఇంట్లో మేడ మీదకు వెళ్లండి, లేదా అందరూ లేవకముందు వంటింట్లో కూర్చోండి. మోకాళ్లూనడం మంచిదే, మోకాళ్లు నొప్పయితే కుర్చీ చాలు. మంచం మీద పడుకుని మాత్రం వద్దు, ఆమేన్ దాకా రాకుండానే నిద్ర పట్టేస్తుంది. ఫోన్‌లో బైబిలు తెరిస్తే వాట్సాప్ పిలుస్తుంది, కాబట్టి అచ్చు బైబిలే పెట్టుకోండి.

ఇక ఏం చెప్పాలి? శిష్యులకు యేసు నేర్పిన ప్రార్థన మత్తయి సువార్త 6వ అధ్యాయంలో 9 నుంచి 13 వచనాల్లో ఉంది. కతోలికులు పరలోక జపం అంటారు, మిగతావాళ్లు ప్రభువు ప్రార్థన అంటారు. కంఠతా వచ్చినవాళ్లు అర నిమిషంలో ముగించేస్తారు. అలా కాకుండా ఒక్కో మాట దగ్గర ఆగండి. మొదటి సగమంతా దేవుడి గురించే: ఆయన పేరు, ఆయన రాజ్యం, ఆయన చిత్తం. ఇక్కడ మూడు నిమిషాలు గడపండి. నిన్నటి నుంచి జరిగిన మేలుల్లో మూడింటిని పేరుపేరునా చెప్పి వందనాలు చెప్పండి. ఈ భాగం దాటేసి నేరుగా అడగడానికి దిగితే ప్రార్థన కిరాణా చీటీ అవుతుంది.

తర్వాత ఆ ప్రార్థనలో వచ్చే ‘అనుదినాహారము’, అంటే ఏ రోజుకారోజు తిండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు, మోటారు పడవలకు సముద్రంలో చేపల వేట నిషేధం. ఆ 61 రోజులూ ఫిషింగ్ హార్బర్ మీద బతికే కుటుంబాలకు ఈ మాట బరువు బాగా తెలుసు. నేటికి కావాల్సింది నేడు అడగండి, లెక్కతో సహా: “నాన్నా, ఈ నెల అద్దె కట్టాలి, చేతిలో నాలుగు వేలే ఉన్నాయి. ఏం చెయ్యాలో తోచట్లేదు.” ఇది నిఖార్సైన ప్రార్థన.

క్షమాపణ దగ్గర ఎక్కువసేపు ఆగాలి. ప్రార్థన నేర్పడం పూర్తికాగానే యేసు మళ్లీ వెనక్కి వచ్చి వివరించింది ఈ ఒక్క మాటనే (14, 15 వచనాలు). “మా పాపములు క్షమించుము” అని గంపగుత్తగా చెప్తే ఏమీ కదలదు. “నిన్న రాత్రి అమ్మ మీద అరిచాను, తప్పు నాదే” అని చెప్పండి. ఆ వెంటనే మీరు క్షమించాల్సిన మనిషి పేరు చెప్పండి. గొంతు పట్టేసేది ఇక్కడే. క్షమించలేకపోతే “ఇంకా క్షమించలేకపోతున్నాను, సాయం చెయ్యి” అనండి, అబద్ధం మాత్రం ఆడొద్దు. చివర్లో, ఈ రోజు పడిపోయే చోటు ఏదో మీకు తెలుసు కదా, దాని నుంచి తప్పించమని అడిగి, యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్ అని ముగించండి.

మనసు పక్కకు పోతే కంగారుపడకండి. పక్కన కాగితం పెట్టుకుని ‘గ్యాస్ బుక్ చెయ్యాలి’ అని రాసేసి తిరిగి రండి. అదే ఆలోచన మళ్లీ మళ్లీ వస్తుంటే బహుశా దాని గురించే ప్రార్థించాలేమో. మాట తట్టనప్పుడల్లా ‘ప్రభువా ప్రభువా’ అని నింపే అలవాటుంటే దాని బదులు మౌనంగా ఉండండి. అయిదు సెకన్ల నిశ్శబ్దం దేవుడికి ఇబ్బంది కాదు.

పూసలు లెక్కపెడుతూ జపమాల చెప్పే కతోలికులకూ ఇదే వర్తిస్తుంది. ఒక్కో గుత్తికి పది మంగళవార్త జపాలు (మరియమ్మకు చెప్పే జపం), అలా అయిదు గుత్తులు. ముగించాలన్న తొందరలో పూస వేళ్ల మధ్య జారిపోతుంది, ఆ గుత్తితో ధ్యానించాల్సిన యేసు, మరియమ్మల జీవిత ఘట్టం మనసులోకే రాదు. అలాంటి రోజున అయిదు గుత్తులు పరుగెత్తించే కన్నా ఒక్క గుత్తి నిదానంగా చెప్పడం నయం.

కుటుంబ ప్రార్థన పావుగంట దాటకూడదు. ఒక కీర్తన, ఒక పాట, ఒక్కరి ప్రార్థన. పిల్లల చేత ఒక్క వాక్యమైనా పలికించండి. ఎదుటివాళ్ల ఇంటి గొడవను ‘ప్రార్థన మనవి’ పేరుతో బయటపెట్టొద్దు, వాళ్ల అనుమతి ఉంటేనే పేరు చెప్పండి. కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో రోగి కోసం ప్రార్థించాలంటే ముందు వాళ్లను అడగండి. రెండు నిమిషాలు, పక్క మంచం వారికి వినబడనంత మెల్లగా. తప్పకుండా నయమవుతుందని మాట ఇవ్వకండి, మందులు ఆపమని ఎన్నడూ అనకండి.

జవాబు రానప్పుడు చాలామంది తమ విశ్వాసమే చాలలేదనుకుంటారు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ‘ఈ శ్రమల గిన్నె నా నుంచి తొలగించు’ అని ఒకే మనవిని మూడుసార్లు చేశాడు, గిన్నె తొలగలేదు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లులా వేధించే బాధను తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, కృప దొరికింది. కాబట్టి అడగడం ఆపొద్దు, కోపం వస్తే దాచొద్దు. అసలు మాటలే రాని రోజున 13వ కీర్తన తెరవండి. ఆరు వచనాలే. ‘ఎన్నాళ్లు’ అనే నిలదీతతో మొదలై పాటతో ముగుస్తుంది. చివరి రెండు వచనాలు ఇవాళ మీవి కావనిపిస్తే నాలుగో వచనం దగ్గరే ఆగి, మీ పేరు చెప్పి, ఆమేన్ అనండి. మిగతా రెండు రేపు చదవొచ్చు.