మాటలు లేని సినిమాను చెవులతో చూడాలి: ‘బరాకా’ చూడబోయేవారికి

ప్రపంచంలోని మనుషులు ఏమేమి నమ్ముతారో, ఎలా బతుకుతారో కేవలం దృశ్యంతోనూ సంగీతంతోనూ చెప్పిన డాక్యుమెంటరీలలో 1992లో వచ్చిన ‘బరాకా’ది ప్రత్యేక స్థానం. రాన్ ఫ్రికీ దర్శకత్వంలో, మార్క్ మాగిడ్‌సన్ నిర్మాతగా, 24 దేశాలలో చిత్రీకరించిన ఈ సినిమాలో వ్యాఖ్యానం లేదు, సంభాషణ లేదు, ఏ దృశ్యం ఏ ఊరిదో చెప్పే ఒక్క అక్షరం కూడా తెర మీద కనిపించదు. అరబ్బీలో బరాకా అంటే దైవానుగ్రహం, ఆశీస్సు. హైదరాబాదు ఇళ్ళలో ‘ఎంత సంపాదించినా బర్కత్ లేదు’ అన్నప్పుడు వినిపించే బర్కత్ ఈ మాటకు తోబుట్టువే.

మాట సాయం లేనందువల్ల ఈ సినిమా కొందరికి అరగంటలోనే విసుగు పుట్టిస్తుంది. ఆ లోపం చూసేవారిదీ కాదు, సినిమాదీ కాదు; ఇలాంటి సినిమాను చూసే పద్ధతి మనకు అలవాటు లేదు, అంతే. ఆ పద్ధతిని నేను తెలుసుకున్నంత మేరకు ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఏర్పాటు సంగతి. ఈ సినిమాను 65 ఎం.ఎం. ఫిల్ము మీద తీశారు. 2008లో ఆ నెగటివ్‌ను 8కె అనే అత్యధిక స్పష్టత స్థాయిలో స్కాన్ చేసి బ్లూరే ప్రతిని తయారుచేశారు. అందువల్ల పాత ప్రతి దొరికిందని తొందరపడకుండా, ఆ పునరుద్ధరణ తరువాతి ప్రతినే సంపాదించండి. ఫోనులో చూడవద్దు. ఇంట్లో ఉన్న పెద్ద తెర మీద, గది చీకటి చేసి, టీవీ స్పీకర్లకు బదులు మంచి స్పీకర్లో హెడ్‌ఫోనో పెట్టుకుని చూడండి. తెర పైనా కిందా నల్లపట్టీలు వస్తే బొమ్మను సాగదీయవద్దు, దాని ఆకారమే అది. గంటన్నర దాటి సాగే ఈ సినిమాను మధ్యలో ఆపకుండా చూడగలిగే రాత్రినే ఎంచుకోండి.

మొదటిసారి చూస్తున్నప్పుడు ‘ఇది ఏ దేశం?’ అన్న ప్రశ్నను పక్కన పెట్టండి. నేను మొదటిసారి ప్రతి దృశ్యానికీ ఫోను తీసి ఊరి పేరు వెతుకుతూ కూర్చున్నాను. సినిమా అయ్యేసరికి నా దగ్గర పేర్ల జాబితా మిగిలింది గానీ ఒక్క శబ్దమూ మిగలలేదు. ప్రారంభంలో మంచు కోతి వస్తుంది. జపానులోని వేడినీటి గుండంలో మెడ దాకా మునిగి, బొచ్చు మీద మంచు పలుకులు నిలిచి ఉండగా, దాని ఎర్రటి ముఖంలో కనురెప్పలు మెల్లగా వాలుతాయి. కథలో అక్కడ ఏమీ జరగదు. ఆ నిదానానికి మీ ఊపిరి సర్దుకుంటే చాలు, మిగిలిన సినిమాకు మీరు సిద్ధమైనట్టే.

తరువాత వేగాన్ని గమనించడం నేర్చుకోవాలి. ఈ సినిమాలో అభిప్రాయం చెప్పే బాధ్యతను మాటకు బదులు వేగమే మోస్తుంది. మక్కాలో కాబా చుట్టూ తిరిగే భక్తులనూ, మహానగరాల కూడళ్ళలోని జనాన్నీ, ఎక్కువసేపటి కదలికను కొన్ని క్షణాల్లోకి కుదించే టైమ్‌లాప్స్‌లో చూపినప్పుడు మనుషులు కరిగి ప్రవాహమవుతారు. మరికొన్ని చోట్ల ఒకే మనిషి కెమెరాలోకి నేరుగా చూస్తూ కదలకుండా నిలబడతాడు, ఆ చూపును మనం కొన్ని క్షణాలు భరించక తప్పదు. ఈ రెండింటికీ మధ్య నాకు అత్యంత ఇష్టమైన దృశ్యం ఉంది: జపాను నగర వీధిలో చిన్న గంట మోగిస్తూ ఒక బౌద్ధ భిక్షువు అడుగు వెంట అడుగు వేస్తాడు, చుట్టూ జనం పరుగులు తీస్తూనే ఉంటారు. అక్కడ గంటకూ గంటకూ మధ్య ఉండే నిశ్శబ్దాన్ని వినండి.

రెండోసారి చూసేటప్పుడు సంగీతం మీద పని చేయాలి. ప్రధాన సంగీతం మైకేల్ స్టెర్న్స్‌ది. ఇతరుల రచనలూ ఉన్నాయి, కర్ణాటక సంగీతం వినేవారికి బాగా తెలిసిన ఎల్. సుబ్రహ్మణ్యం వయొలిన్ కూడా వాటిలో ఉంది. గుడ్లను యంత్రాలతో పొదిగించే కోళ్ళ హేచరీలో పసుపుపచ్చ పిల్లలు గొట్టాల్లోంచి జారిపడే దృశ్యాన్నీ, దానితో కలిపి కూర్చిన నగర జనసమ్మర్దాన్నీ ఒకసారి శబ్దంతో, మరోసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. శబ్దం లేనప్పుడు అది ఒక పరిశ్రమ పనితీరులా ఉంటుంది. శబ్దంతో చూస్తే అది ఆరోపణ అవుతుంది. కోల్‌కతా చెత్తకుప్పల్లో ఏరుకునే మనుషుల దృశ్యానికి గాయని లీసా గెరార్డ్ కంఠం తోడవుతుంది. ఆమె పాడేది ఏ భాషకూ చెందని ధ్వని, అయినా వినేవారి గొంతు పూడుకుపోతుంది. అలా జరిగిన చోటే ఆగి, ఈ దుఃఖం ఆ మనుషులదా, లేక పాట మనకు ఇచ్చినదా అని అడగండి. తెర మీద వారిని ఎవరూ ఏమీ అడగరు, వారి పేర్లు మనకు తెలియవు. ఈ సినిమా మీద నాకున్న గౌరవం ఎంతటిదో, ఈ ఒక్క దృశ్యం దగ్గర నాకు కలిగే ఇబ్బందీ అంతటిదే.

అన్నిటికన్నా ముఖ్యమైన పద్ధతి ఇది: మీకు బాగా తెలిసిన చోటును కొలబద్దగా వాడుకోండి. తెలుగువారికి ఆ చోటు కాశీ. ‘కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే’ అని సామెత కట్టుకున్న జాతి మనది. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను కోసం తెల్లవార్లూ మేలుకున్న పల్లెలు మనవి. సినిమాలో గంగ ఒడ్డున చితి కాలుతుంది. ఒక కాగితం తీసుకుని, ఆ దృశ్యంలో మీకు తెలిసి ఉండి సినిమా చెప్పనివన్నీ రాయండి: చితికి నిప్పు కాటికాపరులైన డోముల దగ్గర తెచ్చుకోవాలన్న ఆచారం, తలకొరివి పెట్టే కొడుకు, కపాలమోక్షం, అక్కడ చనిపోవాలనే కోరికతో వచ్చిన వృద్ధులు. జాబితా పెరిగేకొద్దీ తెర మీది మంట అందంగానే ఉంటుంది గానీ, దానికి ఎంత వెలితి ఉందో తెలిసిపోతుంది.

ఇప్పుడు బాలి ద్వీపంలో గుంపుగా ప్రదర్శించే కెచక్ అనే నృత్య దృశ్యానికి వెళ్ళండి. వలయాలుగా కూర్చున్న మగవారు వాద్యం ఒక్కటీ లేకుండా ‘చక్ చక్ చక్’ అంటూ చేతులు పైకెత్తి వేళ్ళు వణికిస్తారు. 1930లలో ఈ రూపం దాల్చిన కెచక్ రామాయణ గాథను చెబుతుంది. ఆ గొంతులు వానరసేన గొంతులు. సినిమా ఆ విషయమూ చెప్పదు. మనకు తెలిస్తే ఒళ్ళు పులకరిస్తుంది, తెలియనివారికి అది వింత లయగానే మిగులుతుంది. కాశీ దగ్గర రాసుకున్న జాబితా ఇక్కడే పనికొస్తుంది: అమెజాన్‌ అడవిలోని కయాపో తెగవారినీ, గిరగిరా తిరిగే సూఫీ దర్వేషులనూ, జెరూసలేం గోడ ముందు ప్రార్థించే యూదులనూ చూస్తున్నప్పుడు, వారి ఇంటివారు రాయగలిగే జాబితా కూడా అంత పొడుగే అని గుర్తుపెట్టుకోండి. ఊర్ల పేర్లు వెతకాలంటే మూడోసారి వెతకండి. ఒక్కొక్క చోటికి ఒక సాయంత్రం చొప్పున చదవండి.

పదిమందితో కలిసి చూసేటట్లయితే ముందే రెండు విషయాలు చెప్పాలి. కాలుతున్న శవమూ, కోడిపిల్లల ముక్కులు కాల్చడమూ, నాజీల ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలోనూ కంబోడియాలోనూ జరిగిన హత్యాకాండల ఆనవాళ్ళూ ఇందులో ఉన్నాయి కనుక చిన్నపిల్లలను కూర్చోబెట్టవద్దు. ఇక సినిమా అయిన వెంటనే ‘దీని అర్థం ఏమిటి?’ అని ఎవరినీ అడగవద్దు. దీపాలు వేయకుండా అయిదు నిమిషాలు ఊరుకుని, ఆ తరువాత ప్రతి ఒక్కరినీ చెవిలో ఇంకా మోగుతున్న శబ్దం ఏదో చెప్పమనండి. ఒకరు గంట అంటారు, ఒకరు ‘చక్ చక్’ అంటారు, మరొకరు పేరు తెలియని ఆ పాట అంటారు; మాట్లాడుకోవడం అక్కడి నుంచి మొదలుపెట్టండి.