గ్రేడింగ్ డబ్బాలోంచి నాణెం తీయాలంటే

1862 విక్టోరియా వెండి రూపాయి ఒకటి పీసీజీఎస్ డబ్బాలో ఉండేది. పీసీజీఎస్ అంటే నాణేన్ని పరీక్షించి, ఎంత బాగుందో గ్రేడు ఇచ్చి, ప్లాస్టిక్ డబ్బాలో మూసేసే అమెరికా కంపెనీ. ఆల్బంలో పెట్టుకుందామని మొన్న కడపలో ఇంట్లోనే విప్పినా. సుత్తి మాత్రం ఎత్తొద్దండి, దెబ్బ జారితే రాణిగారి ముక్కే పోతుంది.

ఆ డబ్బా రెండు పలకల్నీ అల్ట్రాసోనిక్ వెల్డింగుతో, అంటే శబ్ద తరంగాలతో అంచులు కరిగించి అతికిస్తారు. స్క్రూడ్రైవరు దూర్చితే ఊడదు, జారి నాణేన్ని గీకుతుంది. కటింగ్ ప్లేరుతో గ్రేడు రాసిన లేబుల్ వైపు మూల, అంటే నాణేనికి దూరంగా, అంచు పట్టి మెల్లగా నొక్కండి. టక్‌మని పగులుతుంది. అంచు వెంబడి అలాగే నాలుగైదు చోట్ల నొక్కితే పలకలు విడిపోతాయి. పాత తువ్వాల చుట్టి, కళ్లద్దాలు పెట్టుకునే చేయండి. నేను తువ్వాల చుట్టలేదు, ఒక పెంకు ఎగిరి బియ్యం చాటలో పడింది. ఇంట్లో తిట్లు వేరే చెప్పాలా!

నాణేన్ని అంచులు పట్టుకునే తీయండి, ముఖం మీద వేలు ఆనించొద్దు. మెరవాలని చింతపండుతో తోమితే సగం విలువ హరీ. పీవీసీ అనే మెత్తటి ప్లాస్టిక్ కవర్లోనూ వేయొద్దు, మా ఎండలకు ఆకుపచ్చ జిగురు పట్టేస్తుంది. లేబుల్ దాచుకోండి గానీ, డబ్బా విప్పినాక గ్రేడు హామీ ఉండదు. అమ్మే ఆలోచన ఉంటే అసలు ముట్టుకోకండి.