కౌంట్‌డౌన్ ఆగిందా? లక్షణం నుంచి కారణం దాకా

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి సరుకు మోసే ప్రైవేటు రాకెట్ ప్రయోగం వాయిదా పడిందంటే మన పత్రికలు రాసేది ఒక్కటే మాట: సాంకేతిక లోపం. ఆ రెండు పదాల కింద ఇంజన్ వాల్వ్ నుంచి ఎలుకల మేత దాకా ఏదైనా దాగి ఉండవచ్చు. స్పేస్‌ఎక్స్ సంస్థ ఫాల్కన్ 9తో, మరో ప్రైవేటు రాకెట్ ఆంటారెస్‌తో నిజంగా జరిగిన సంఘటనలనే తీసుకుని, ఏ లక్షణం కనబడితే ఎక్కడ వెతకాలో కింద రాశాను.

వెతికే వరుస మాత్రం ప్రతిసారీ ఒకటే. ముందు తెర మీది అంకెను అనుమానించాలి, సెన్సర్ అబద్ధం చెబుతోందేమో చూడాలి. అంకె నిజమైతే ఆ భాగాన్ని చూడాలి. భాగం బాగుంటే దానికి ఎగువన ఉన్నదాన్ని చూడాలి. ఈ మూడో మెట్టు దగ్గరే చాలామంది ఆగిపోతారు.

లక్షణం: ఇంజన్లు వెలిగాయి, వెంటనే ఆరిపోయాయి

2012 మే 19, ఫ్లోరిడాలోని కేప్ కెనావరల్. ఒక ప్రైవేటు నౌకను తొలిసారి అంతరిక్ష కేంద్రానికి పంపే ప్రయత్నం. తెల్లవారుజామున 4:55కు ఫాల్కన్ 9 కింద తొమ్మిది ఇంజన్లూ వెలిగాయి, పొగ లేచింది, రాకెట్ మాత్రం కదలలేదు. పైకి లేవడానికి అర సెకను ముందు కంప్యూటర్ అన్నిటినీ ఆర్పేసింది. నడిమధ్య ఉన్న 5వ నంబరు ఇంజన్ చాంబర్‌లో ఒత్తిడి గీత దాటింది.

చూసేవారికి ఇది ఘోరంగా కనిపిస్తుంది కానీ, అసలు ఏర్పాటే అది. ఇంజన్లు వెలిగాక కూడా బిగింపులు రాకెట్‌ను పట్టుకునే ఉంటాయి. తొమ్మిదీ సరిగ్గా మండుతున్నాయని కంప్యూటర్ తేల్చుకున్నాకే వదులుతాయి.

కారణం: చెక్ వాల్వ్. ద్రవాన్నో వాయువునో ఒకే వైపుకు పోనిచ్చి, వెనక్కి రానివ్వని చిన్న భాగం. ఇంజన్‌ను విప్పి చూస్తే అది చెడిపోయినట్టు తేలింది.

పరిష్కారం: ఆ రోజే వాల్వ్ మార్చారు. మిగతా ఇంజన్ల సమాచారం మళ్లీ పరిశీలించారు. మే 22న 3:44కు రాకెట్ ఎగిరింది. ఒత్తిడి హద్దును కాస్త పెంచి ప్రోగ్రామ్‌ను సర్దుకోవడం అనే దగ్గరి దారి ఎప్పుడూ కళ్ల ముందు ఉంటుంది. హద్దు తప్పని రుజువైతే తప్ప దాని జోలికి వెళ్లకూడదు.

లక్షణం: అంతా పచ్చగానే ఉంది, ఒక గీత మాత్రం వంకరగా కదిలింది

2017 ఫిబ్రవరి 18. అపోలో, షటిల్ యాత్రలు బయలుదేరిన 39ఎ వేదిక నుంచి ఫాల్కన్ 9కు అదే మొదటి ప్రయోగం. 13 సెకన్లు మిగిలి ఉండగా ఆపేశారు. రెండో దశ (కింది భాగం విడిపోయాక మండే పై భాగం) ఇంజన్‌ను అటూ ఇటూ తిప్పే హైడ్రాలిక్ పిస్టన్ కదలిక గీత కొంచెం తేడాగా కనిపించింది. ఎగిరినా బహుశా ఏమీ అయ్యేది కాదని స్పేస్‌ఎక్స్ అధిపతి ఎలాన్ మస్క్ స్వయంగా చెప్పారు. ఇంజన్ తిప్పే వ్యవస్థ తన పొరపాటును తానే దిద్దుకోగలదు. ఆయన బెంగల్లా ఈ తేడా ఎగువన ఉన్న పెద్ద లోపానికి గుర్తేమోనని. నేను పైన చెప్పిన మూడో మెట్టు ఇదే.

ఈ భాగం మీద అనుమానం కొత్తది కాదు. 2015 జనవరి 6న మరో సరుకు ప్రయోగాన్ని నిమిషం 21 సెకన్ల ముందు ఆపింది కూడా రెండో దశను తిప్పే యంత్రాంగమే.

కారణం వెతికేటప్పుడు అడగాల్సిన ప్రశ్న: తేడా ఆజ్ఞలో ఉందా, కదలికలో ఉందా, కదలికను కొలిచే చోట ఉందా? మూడింటికీ విడివిడి రికార్డులు ఉంటాయి. వాటిని పక్కపక్కన పెట్టి, ఏది ముందు తప్పిందో వెయ్యో వంతు సెకన్లలో చూడాలి. ముందు తప్పినదే దొంగ. ఆ ప్రయోగం మర్నాడే సాఫీగా జరిగింది.

లక్షణం: లోపం పది నిమిషాల్లో తీరిపోయింది, అయినా ఈ రోజుకు లేదు

ఎక్కువ మందికి కోపం తెప్పించేది ఇది. బస్సు పంక్చరైతే చక్రం మార్చుకుని బయలుదేరుతాం కదా, రాకెట్‌కు ఎందుకు కుదరదు?

మొదటి కారణం ఆకాశంలో ఉంది. అంతరిక్ష కేంద్రం కక్ష్య భూమధ్యరేఖకు 51.6 డిగ్రీల వాలులో ఉంటుంది. భూమి తిరుగుతూ ప్రయోగ వేదికను ఆ కక్ష్యాతలం కిందికి తెచ్చే క్షణానే బయలుదేరాలి. ఆలస్యమైతే పక్కకు తిరగడానికే ఇంధనం తగలబడిపోతుంది. ఆ క్షణం రోజుకు ఇరవై నిమిషాల పైచిలుకు ముందుకు జరుగుతుంది. పైన చెప్పిన 2017 ప్రయోగాన్నే చూడండి: మొదటి రోజు ఉదయం 10:01, మర్నాడు 9:39.

రెండో కారణం ట్యాంకులో ఉంది. ఫాల్కన్ 9 ద్రవ ఆక్సిజన్‌ను మామూలు మరుగు స్థానం కంటే బాగా దిగువకు, సుమారు మైనస్ 207 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిచి నింపుతారు. చల్లదనం వల్ల చిక్కబడి, అదే ట్యాంకులో ఎక్కువ పడుతుంది. నింపడం మొదలయ్యేది 35 నిమిషాల ముందే. ఆగితే అది వేడెక్కుతుంది, వేడెక్కితే వ్యాకోచిస్తుంది. సరుకు ప్రయోగం కాకపోయినా 2016 ఫిబ్రవరి 28 నాటి ఉదాహరణ ఇక్కడ బాగా సరిపోతుంది. ఒక పడవ నిషిద్ధ ప్రాంతంలోకి రావడంతో కాసేపు ఆగారు. తర్వాత ఇంజన్లు వెలిగించారు గానీ, అప్పటికే ఆక్సిజన్ వేడెక్కి ఉండటంతో తోపుడు బలం చాలదని కంప్యూటర్ ఆపేసింది.

పరిష్కారం: ట్యాంకులు ఖాళీ చేసి మర్నాటికి సిద్ధం కావడమే. తొందరపడితే ఒక లక్షణం రెండవుతుంది.

లక్షణం: వాయువు ఒత్తిడి నిలవడం లేదు

2014 ఏప్రిల్ 14న ఫాల్కన్ 9 రెండు దశలను విడదీసే పిస్టన్లకు వెళ్లే హీలియం వాల్వ్ ఒకటి ఒత్తిడిని పట్టి ఉంచలేకపోయింది. అదనంగా మరో వాల్వ్ ఉంది, అది బాగానే ఉంది. అయినా తెలిసిన లోపంతో ఎగరకూడదన్న నియమం ప్రకారం ప్రయోగం ఆపేశారు. ఏప్రిల్ 18న వెళ్లారు. అదనపు వాల్వ్ ఉన్నది ఆకాశంలో పనికి రావడానికి. దాన్ని నేల మీదే ఖర్చు పెట్టేస్తే పైన ఏమీ మిగలదు.

కారుతున్న చోట బిగిస్తే సరిపోతుందా అన్నదానికి మన శ్రీహరికోట అనుభవం మంచి పాఠం. 2013 ఆగస్టు 19న జీఎస్ఎల్‌వీ-డీ5 ప్రయోగాన్ని 74 నిమిషాల ముందు ఆపారు. రెండో దశలో ఇంధనం కారుతోంది. తవ్వుకుంటూ వెళితే కారణం ట్యాంకు తయారైన లోహంలోనే తేలింది. ఆ మిశ్రమ లోహం కాలక్రమంలో పగుళ్లిస్తుంది. వేరే మిశ్రమంతో చేసిన ట్యాంకుతో కొత్త రెండో దశనే పెట్టి, 2014 జనవరి 5న ప్రయోగించారు.

లక్షణం: రాకెట్‌లో ఏ తప్పూ లేదు

అప్పుడు చుట్టూ చూడాలి. ఇక్కడ జాబితా పొడవు, వైద్యం చిన్నది.

నేల మీది యంత్రాలు: కల్పనా చావ్లా పేరు పెట్టిన సిగ్నస్ సరుకు నౌకను మోయాల్సిన ఆంటారెస్, 2020 అక్టోబరు 1న 2 నిమిషాల 40 సెకన్ల ముందు ఆగింది. తప్పు వేదిక దగ్గరి పరికరాల సాఫ్ట్‌వేర్‌లో ఉంది. మర్నాడు వెళ్లింది.

కంట్రోల్ గది: 2022 నవంబరు 6న వర్జీనియాలోని సిగ్నస్ నియంత్రణ కేంద్రంలో అగ్నిప్రమాద గంట మోగి అందరూ బయటికి వెళ్లాల్సి వచ్చింది. ఒక రోజు పోయింది.

సరుకు: 2018 డిసెంబరులో ప్రయోగానికి వెళ్లాల్సిన ఎలుకల మేతకు బూజు పట్టినట్టు కనిపెట్టారు. కొత్త మేత తెప్పించి డిసెంబరు 5న పంపారు. బతికున్న జీవులు, చల్లగా ఉండాల్సిన నమూనాలు చిట్టచివరి గంటల్లో ఎక్కుతాయి కాబట్టి ఇలాంటి లోపం కూడా చిట్టచివరే బయటపడుతుంది.

చేరాల్సిన చోటు: 2019 ఏప్రిల్ చివర్లో అంతరిక్ష కేంద్రంలో విద్యుత్తు పంపిణీ చేసే పెట్టె ఒకటి పాడైంది. వచ్చే నౌకను పట్టుకునే రోబో చేతికి నమ్మకమైన కరెంటు ఉండాలి. పెట్టె మార్చేదాకా సరుకు కింద ఆగింది.

లక్షణం: కక్ష్య చేరింది, థ్రస్టర్లు పలకడం లేదు

2013 మార్చి 1న స్పేస్‌ఎక్స్ సరుకు నౌక డ్రాగన్ రాకెట్ నుంచి విడిపోయాక, నాలుగు థ్రస్టర్ (నౌకను కక్ష్యలో కదిలించే చిన్న ఇంజన్) సముదాయాల్లో ఒక్కటే సిద్ధమైంది. మళ్లీ చెక్ వాల్వ్‌లే! ఈసారి ఆక్సీకారక (ఇంధనం మండటానికి తోడ్పడే పదార్థం) ట్యాంకుల వైపు బిగుసుకుపోయాయి. రెంచి పట్టుకుని వెళ్లే వీలు లేదు. ఒత్తిడిని పెంచి, ఒక్కసారిగా వదిలి, మళ్లీ పెంచి, తుప్పు పట్టిన కుళాయిని తట్టినట్టు కింది నుంచే తట్టారు. వాల్వ్‌లు వదిలాయి. నౌక ఒక రోజు ఆలస్యంగా మార్చి 3న చేరింది.

లక్షణం: ఏ లక్షణమూ లేదు

2015 జూన్ 28, ఫాల్కన్ 9 మరో సరుకు ప్రయోగం. కౌంట్‌డౌన్‌లో ఒక్క ఎర్ర అంకె లేదు. ఎగిరిన 139వ సెకను దగ్గర రెండో దశ ఆక్సిజన్ ట్యాంకు పగిలి, రాకెట్ ముక్కలైంది. ట్యాంకు లోపల హీలియం సీసాను పట్టి ఉంచే ఉక్కు కడ్డీ విరిగి, సీసా ఊడిందని సంస్థ తేల్చింది. సుమారు 4,500 కిలోల బలాన్ని తట్టుకోవాల్సిన కడ్డీ, 900 కిలోల దగ్గరే పోయింది. ఇక నుంచి ఒక్కో కడ్డీనీ విడిగా పరీక్షిస్తామన్నారు. నాసా సొంత సమీక్ష ఇంకో మెట్టు పైకి వెళ్లింది: పారిశ్రామిక తరగతి పోత ఉక్కు భాగాన్ని, తయారీదారు చెప్పిన నాలుగు రెట్ల భద్రతా నియమాన్ని పక్కన పెట్టి అక్కడ వాడటమే రూపకల్పనలోని తప్పని చెప్పింది.

అంత పేలుడులోనూ పైన ఉన్న డ్రాగన్ నౌక చెక్కుచెదరలేదు. సముద్రం వైపు పడుతూ సంకేతాలు పంపుతూనే ఉంది. దానికి పారాచూట్లున్నాయి. అలాంటి సమయంలో వాటిని తెరవమని చెప్పే ప్రోగ్రామ్ మాత్రం లేదు. తర్వాతి నౌకల్లో పెట్టారు.