సంపులో నీళ్లకు బ్లీచింగ్ పౌడర్ ఎంత, ఎలా?

చెన్నైలో వాన వెలిశాక వేళచ్చేరి, మడిపాక్కం వైపు సంపుల్లోకి మురుగు దిగడం మామూలే. అలా దిగితే మందు వేసి లాభం లేదు. మొత్తం తోడేసి, గోడలు రుద్ది కడిగాకే కొత్త నీళ్లు పట్టాలి. బురద నీళ్లలో పౌడర్‌లోని క్లోరిన్ ఆ మట్టితోనే ఖర్చైపోతుంది.

ముందు కొలత. పొడవు, వెడల్పు, నీటి లోతు అడుగుల్లో గుణించి, 28.3తో హెచ్చవేస్తే లీటర్లు. 6×5×4 అయితే సుమారు 3,400. తేటనీటికి 1,000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి పౌడర్. లారీ నీళ్లైతే 5 గ్రాములతో మొదలుపెట్టండి. అంటే ఈ సంపుకు 17 గ్రాములు. చెంచా లెక్క వద్దు, తూచండి.

ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో జారుగా కలిపి, ముప్పాతిక వంతు నింపి, పది నిమిషాలు కదపకండి. పైతేట మాత్రమే సంపులో పోసి కలపాలి. అడుగున మిగిలిన సున్నం పారబోయండి. పొడి నేరుగా చల్లితే అదే సున్నం అడుగున పేరుకుంటుంది.

గంటాగి క్లోరోస్కోప్‌తో (నీళ్లలో మిగిలిన క్లోరిన్ కొలిచే చిన్న సాధనం) చూడండి: లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. లేకపోతే ఇంకాస్త వేసి, మళ్లీ గంటాగాలి. మూత తీసి నిలవుంచిన పౌడర్ సత్తువ పోతుంది, చిన్న ప్యాకెట్లే కొనండి. టాయిలెట్ యాసిడ్ దగ్గరికి మాత్రం రానీయకండి, విషవాయువు పుడుతుంది.

ఈ మోతాదుకు దోమపిల్లలు చావవు. వాటికి బిగుతైన మూతే మందు.