రోటరీ ఇంజన్ ప్లేట్లు ల్యాపింగ్‌కి ఇచ్చే ముందు

మాజ్డా 13బి ఇంజన్ విప్పారా? అరిగిన సైడ్ ప్లేట్లు (తిరిగే రోటర్‌కి రెండు పక్కలా ఉండే ఇనుప పలకలు) ల్యాపింగ్‌కి, అంటే రాపిడి పొడితో సమంగా అరగదీయడానికి, మెషిన్ షాపుకి పంపే ముందు ఇవి చూసుకోండి.

• రోటర్ హౌసింగ్‌ని (రోటర్ తిరిగే గుల్లని) ప్లేట్లతో కలిపి పంపొద్దు. లోపలి క్రోమ్ పూత బాగా పలుచన. అక్కడ సాన పడితే హౌసింగ్ పాత సామాన్లలోకే.

• కొలవకుండా ల్యాపింగ్ మాట ఎత్తొద్దు. డయల్ గేజ్‌ని (ఎత్తుపల్లాలు చూపే ముల్లు కొలత సాధనం) ప్లేటు మీద మెల్లగా జరిపితే, సైడ్ సీల్ (రోటర్ పక్కన ఉండే సీలు) తిరిగిన దారి అంచున ముల్లు చటుక్కున కదులుతుంది. ఆ మెట్టు 0.10 మి.మీ. దాటకపోతే వదిలేయండి. పోత ఇనుము మీది నైట్రైడింగ్ పొర (నైట్రోజన్‌తో గట్టిపరిచిన పై పొర) పలుచనిది, ల్యాపింగ్‌లో పోయేది అదే. గోటికి తగిలిందని కంగారుపడి నేనూ ఓసారి పంపబోయాను!

• ప్లేటు వంపు కూడా చూడండి. హద్దు 0.04 మి.మీ.

• నీటి సీలు గాడి ప్లేటులోనే ఉంటే లోతు రాసిపెట్టుకోండి. ప్లేటు ఎంత తగ్గితే గాడి అంత తగ్గుతుంది.

• డోవెల్ పిన్నులు (భాగాలను వరసలో నిలిపే పిన్నులు), స్టేషనరీ గేర్ (ప్లేటుకి బిగించిన, తిరగని గేర్) తీసేయండి. ఉంటే ప్లేటు సమంగా ఆనదు.

• తిరిగొచ్చాక ఆయిల్ దారుల్లో బ్రష్ పెట్టి కడగండి. మిగిలిన రాపిడి పొడి నేరుగా బేరింగుల్లోకే పోతుంది. ఆరగానే నూనె రాయండి, గంటల్లోనే తుప్పు పడుతుంది.